అక్షరం విరగకుండా: చిన్న తెర మీద తెలుగు, ఎల్‌వీజీఎల్ తొమ్మిదో రూపం

(కడపలో ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. సార్లకు, మేడములకు, వెనక నిలబడి వింటున్న పిల్లలకు కూడా. ముందు వరుసలో ఖాళీలున్నాయి, వచ్చి కూర్చోండి. ఈ బోర్డు తెర చిన్నది, దూరానికి కనపడదు.

నేను బోరు మోటర్ల స్టార్టర్ పెట్టెల్లో పెట్టే కంట్రోల్ బోర్డులు చేస్తాను. పెట్టె మూత మీద అరచేతిలో సగమంత రంగుల తెర, దాని కింద నాలుగు బటన్లు. మూడు ఫేజులూ వస్తున్నాయా, మోటరు ఎంత కరెంటు లాగుతుంది, బోరులో నీళ్ళున్నాయా, డ్రిప్పు ఏ వాల్వు మీద నడుస్తుంది, ఇవన్నీ ఆ తెర చెప్పాల.

మొదట్లో వేంపల్లె దిక్కు ఒక చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, అట్లాంటి పెట్టె బిగించినాం. తెర మీద అంతా ఇంగ్లీషే. మే నెలలో ఒకరోజు బోరులో నీళ్ళు కిందికి పోయినాయి, మా బోర్డు మోటరును ఆపింది. ఎర్రటి అక్షరాలతో ‘డ్రై రన్’ అని చూపించింది. తోట పెద్దాయన ఆ ఎరుపు చూసి ఫేజు పోయిందనుకున్నాడు. ఫ్యూజులు తీసి వేసినాడు, రీసెట్ నొక్కినాడు. ఆగితే మళ్ళీ నొక్కినాడు. పొద్దుమూకే లోపల మోటరు కాలింది. దాన్ని పైకి లాగి, వైండింగు కట్టించి, మళ్ళీ దించే సరికి పది రోజులు పట్టింది. మే నెలలో పది రోజులు నీళ్ళు లేకుంటే చీనీ చెట్టు పిందె ఎట్ల రాలతాదో, ఇంట్లో తోట ఉన్న పిల్లలకు నేను చెప్పక్కర్లేదు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. “అబ్బీ, అది తెలుగులో రాసింటే నేనే చదువుకుందును గదా” అన్నాడు.

ఈరోజు నన్ను ఎల్‌వీజీఎల్‌లో వచ్చిన కొత్త సంగతులు చెప్పమని పిలిచినారు. చెప్తాను. ప్రతి సంగతినీ ఆ తోటలో ఉన్న పెట్టె మీద పెట్టి చూస్తూ చెప్తాను. అక్కడ పనికొచ్చేదాని మీద ఎక్కువసేపు ఉంటాను, మిగతావి తొందరగా దాటేస్తాను.

ఎల్‌వీజీఎల్ అంటే లైట్ అండ్ వర్సటైల్ గ్రాఫిక్స్ లైబ్రరీ. చిన్న తెరల మీద బటన్లు, అక్షరాలు, బొమ్మలు గీసిపెట్టే ప్రోగ్రాముల కట్ట. హంగరీకి చెందిన గాబోర్ కిష్-వామోషి 2016లో మొదలుపెట్టినాడు. అంతా సీ భాషలో ఉంటుంది. ఎంఐటీ లైసెన్సు కాబట్టి మీ సరుకులో పెట్టుకొని అమ్ముకున్నా ఎవరికీ పైసా కట్టక్కర్లేదు. మైక్రోకంట్రోలరులో 64 కిలోబైట్ల ఫ్లాష్, కొద్దిపాటి ర్యామ్, 16 మెగాహెర్ట్జ్ వేగం ఉంటే కనీసం బతుకుతుంది. హాయిగా నడవాలంటే విడ్జెట్ల కోసమే, అంటే తెర మీద కనపడే బటన్లు, లేబుళ్ళ కోసమే, 48 కిలోబైట్ల ర్యామ్ పక్కన పెట్టండి. ఎనిమిదో రూపం 2021లో వచ్చింది, తొమ్మిదోది 2024 జనవరిలో. ఆ తర్వాత 9.1, 9.2 అదే ఏడాది, 9.3 2025లో వచ్చినాయి.

తెర లెక్క ఒకటి వేసుకుందాం. ఇది తెలియకుంటే మిగతాది ఎక్కదు. మా తెర 320 అడ్డం, 240 నిలువు. ఒక్కో చుక్కకు 16 బిట్లు, అంటే రెండు బైట్లు. 320ని 240తో, దాన్ని 2తో గుణిస్తే 1,53,600 బైట్లు. మా బోర్డు మీదున్న చిప్పు ఈఎస్‌పీ32లో ర్యామ్ మొత్తం 520 కిలోబైట్లు. వైఫై, బ్లూటూత్, మీ ప్రోగ్రాము అన్నీ అందులోనే సర్దుకోవాల. తెర మొత్తానికీ బఫరు, అంటే ముందుగా బొమ్మ గీసుకునే చోటు, ర్యామ్‌లో పెట్టుకుంటే ఇల్లంతా మంచమే అయినట్టు. అందుకే ఎల్‌వీజీఎల్ తెరలో పదో వంతు బఫరు చాలంటుంది. మనకు అది 15,360 బైట్లు. ఒక ముక్క గీసి పంపి, తర్వాతి ముక్క గీస్తుంది. అట్లాంటి బఫర్లు రెండు పెట్టుకుంటే ఒకటి డీఎంఏ మీద, అంటే ప్రాసెసరును ఆపకుండా, తెరకు పోతా ఉండగా ఇంకోదాంట్లో గీత సాగుతుంది. పైగా మారిన చోటే మళ్ళీ గీస్తుంది. ఓల్టేజీ అంకె 410 నుంచి 408 అయితే ఆ అంకె ఉన్న గడి మాత్రమే.

తొమ్మిదో రూపంలో అన్నిటికంటే పెద్ద మార్పు ఈ గీత పనిలోనే వచ్చింది. ఎనిమిదో రూపంలో బటన్ తన వంతు రాగానే తనను తాను గీసుకునేది, తర్వాత లేబుల్, తర్వాత ఇంకోటి. అన్నీ ఒకే వరుస. ఇప్పుడు విడ్జెట్లు గీయవు, ‘ఇది గీయండి’ అని పని చీటీలు రాసి పెడతాయి. వాటి పేరు డ్రా టాస్కులు. గీసేవాళ్ళు వేరు, వాళ్ళ పేరు డ్రా యూనిట్లు. వేరుశనగ బుడ్డలు పీకేటప్పుడు కూలోళ్ళు సాళ్ళు పంచుకున్నట్టు యూనిట్లు ఆ చీటీలు పంచుకుంటాయి. ఒకదాని మీద ఒకటి పడే బొమ్మలైతే కిందది అయిందాకా పైది ఆగుతుంది. యూనిట్ అంటే ప్రాసెసర్ కోరు కావచ్చు, చిప్పులో ఉన్న గ్రాఫిక్స్ ఇంజను కావచ్చు. ఎన్‌ఎక్స్‌పీ వాళ్ళ చిప్పుల్లో పీఎక్స్‌పీ, వీజీ-లైట్, రెనెసాస్ చిప్పుల్లో డేవ్2డీ, ఇట్లాంటివన్నీ ఒకే పద్ధతిలో వచ్చి చేరినాయి.

ఇది విని, రెండు కోర్లున్న ఈఎస్‌పీ32 మీద తెర రెండింతల వేగంగా ఆడుతుందని మీలో కొందరు లెక్క వేసుంటారు. నేనూ అట్లే వేసినాను. తెరకు పోయే తీగ సంగతి చూడండి. ఆ తీగ పద్ధతిని ఎస్‌పీఐ అంటారు, మా దగ్గర అది 40 మెగాహెర్ట్జ్ మీద, అంటే సెకనుకు నాలుగు కోట్ల బిట్లతో నడుస్తుంది. 1,53,600 బైట్లంటే 12,28,800 బిట్లు. అవి ఆ తీగలో పోవడానికి 31 మిల్లీసెకన్లు పడుతుంది. కోర్లు ఎన్ని పెట్టినా నిండు తెరను సెకనుకు 32 సార్లకు మించి మార్చలేరు. కాలువ సన్నగా ఉంటే ఇంకో మోటరు పెట్టి ఏం లాభం? పెద్ద తెరకు, సమాంతర తీగల తెరకు ఈ మార్పు బాగా పనికొస్తుంది. మా పెట్టెకు రెండో కోరును సెన్సర్లకు వదిలేసినాం.

ఎనిమిది నుంచి తొమ్మిదికి మారేవాళ్ళు రెండు మాటలు రాసుకోండి. మొదటిది, బఫరు కొలతను ముందు చుక్కల్లో ఇచ్చేవాళ్ళం, ఇప్పుడు బైట్లలో ఇవ్వాల. పాత అంకె అట్లే ఉంచితే బఫరు సగానికి పడిపోతుంది. ప్రోగ్రాము ఆగదు, తప్పు చూపించదు, తెర నెమ్మదిస్తుంది అంతే. దీన్ని పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. రెండోది, పదహారు బిట్ల రంగులో బైట్లు తారుమారు చేసే సెట్టింగు ఒకటి ఉండేది, దాన్ని తీసేసినారు. మీ తెరకు ఆ తారుమారు కావాలంటే, గీసింది తెరకు పంపే ఫ్లష్ ఫంక్షనులో మీరే చేయాల, లేదా 9.3 నుంచి వచ్చిన తారుమారు రంగు పద్ధతి పెట్టుకోవాల. చేయకుంటే ఎరుపు ఎరుపుగా రాదు. మాకు ఎరుపంటే ప్రమాదం. ఆ రంగు తప్పితే పెట్టె అబద్ధం చెప్పినట్టే. విడ్జెట్ల పేర్లు కూడా కొన్ని మారినాయి గానీ పాత పేర్లు నడిచే ఏర్పాటు ఉంది, దానికి భయపడొద్దు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చిన సంగతికి వస్తాను. అబ్జర్వర్ అంటారు. పాత పద్ధతిలో సెన్సర్ చదివే పని పోయి, తెర మీది లేబుల్‌ను పట్టుకొని దాంట్లో అంకె రాసేది. రైతు బటన్ నొక్కి వేరే తెరకు పోతే ఆ లేబుల్ మెమరీలో నుంచి పోతుంది. సెన్సర్ పనికి ఆ సంగతి తెలియదు, పోయిన చోటే మళ్ళీ రాస్తుంది. పెట్టె ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. మా పెట్టె అట్ల రాత్రిళ్ళు రీస్టార్ట్ అయ్యేది, తెల్లారి చూస్తే ఏమీ తెలిసేది కాదు.

తొమ్మిదో రూపంలో ‘సబ్జెక్ట్’ అని ఒకటి పెట్టుకుంటాం. నీళ్ళ మట్టం ఒక సబ్జెక్ట్, ఓల్టేజీ ఒక సబ్జెక్ట్. సెన్సర్ పని దాంట్లో అంకె వేసి తన దోవన తాను పోతుంది. ఆ అంకె కావాల్సిన లేబుల్, ఆర్క్, బార్ ఏదైనా ముందే దానికి ముడివేసుకొని ఉంటుంది. అంకె మారితే అవే మారతాయి. లేబుల్ పోతే దాని ముడి దానంతట అదే విడిపోతుంది. మా రాత్రి రీస్టార్టులు అక్కడితో ఆగినాయి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఎల్‌వీజీఎల్‌లోకి రెండు థ్రెడ్లు, అంటే పక్కపక్కనే నడిచే రెండు పనులు, ఒకేసారి చేయి పెట్టకూడదు. వేరే థ్రెడ్ నుంచి సబ్జెక్ట్ మార్చాలంటే ముందు ఎల్‌వీ లాక్, మార్చినాక ఎల్‌వీ అన్‌లాక్. ఇది కూడా తొమ్మిదిలోనే వచ్చింది.

భాషను కూడా మేము ఒక సబ్జెక్టే చేసినాం. సున్నా అయితే తెలుగు, ఒకటి అయితే ఇంగ్లీషు. రిపేరుకు బయటినుంచి వచ్చే మెకానిక్ బటన్ నొక్కితే తెర మొత్తం ఇంగ్లీషుకు మారుతుంది. పోయేటప్పుడు మళ్ళీ నొక్కితే తెలుగు.

మరి ఆ తెలుగు తెర మీదికి ఎట్ల వచ్చింది? పెద్దాయన మాట విన్న రాత్రి నేను చాలా తేలికనుకున్నాను. ఇంగ్లీషు తీసి ‘నీళ్ళు లేవు’ అని రాసినాను. తెర మీద వరసగా ఖాళీ గళ్ళు వచ్చినాయి. ఎల్‌వీజీఎల్‌తో వచ్చే మాంట్‌సెరాట్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవు, లేని అక్షరానికి అది గడి గీస్తుంది. సరేనని ఫాంట్ కన్వర్టరుకు ఒక తెలుగు ఫాంటు ఇచ్చి, యూనికోడ్‌లో, అంటే ప్రతి అక్షరానికీ గుర్తుకూ ఒక నంబరిచ్చే పట్టికలో, తెలుగుకున్న 128 గళ్ళూ తీసుకున్నాను. ఈసారి అక్షరాలు వచ్చినాయి. కానీ చూడండి ఎట్ల వచ్చినాయో: న, పక్కన విడిగా గుడి దీర్ఘం, తర్వాత ళ, ఒక పొల్లు గుర్తు, ఇంకో ళ, దాని పక్కన కొమ్ము. ఆ ఫోటో పెద్దాయనకు చూపించినాను. “తెలుగే గానీ, ఎవురో ఇరగ్గొట్టినారు” అన్నాడు.

అక్కడే నాకు అసలు సంగతి తెలిసింది. మనం అక్షరం అనేది వేరు, యూనికోడ్ గడి వేరు. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. బడిలో అట్లే దిద్దించినారు, స కింద త వత్తు, ర వత్తు, పైన గుడి దీర్ఘం. యూనికోడ్‌లో అది ఆరు గళ్ళు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. మీ ఫోన్లో ఆ ఆరింటినీ ఒక అక్షరంగా కలిపేది హార్ఫ్‌బజ్ లాంటి ప్రోగ్రాము. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో ఫాంటు లోపలి పట్టికలు చూసి చెప్తుంది. నేను వాడుతున్న ఎల్‌వీజీఎల్‌లో ఆ పని జరగదు. ఒక గడికి ఒక బొమ్మ గీసి పక్కకు జరుగుతుంది. అరబ్బీ, పర్షియన్ అక్షరాలు కలపడానికి, కుడి నుంచి ఎడమకు రాయడానికి దాంట్లో ఏర్పాటు ఉంది. ఆ భాషల వాళ్ళకు కావాల్సొచ్చింది, అందుకే అది వచ్చింది. మన లిపులకు కావాలంటే మనమే అడగాల, మనమే రాయాల. ఎర్రగుంట్ల పక్కన కలమళ్ళలో దొరికిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి శాసనం 575 ప్రాంతానిది, తెలుగులో మనకు దొరికిన తొలి శాసనం. రాతి మీద ఉలితో తెలుగు చెక్కిన ఊరు మన జిల్లాలోనే ఉంది. ఆ జిల్లాలోనే చీనీ తోటలో ఉన్న తెర మీద తెలుగు విరిగి కనపడడం నాకు మనసొప్పలేదు.

దారి ఇట్ల దొరికింది. పెట్టె మీద రావాల్సిన వాక్యాలు మాకు ముందే తెలుసు, వంద కూడా లేవు. కాబట్టి అక్షరాలు కలిపే పని పెట్టెలో చేయక్కర్లేదు, నా కంప్యూటర్లోనే ఒకసారి చేసేస్తే చాలు. వాక్యాలన్నిటినీ మనం బడిలో విడదీసినట్టు అక్షరాలుగా విడదీసినాం. ‘నీళ్ళు’ అంటే నీ, ళ్ళు. రెండే. ఇట్ల వచ్చిన వేర్వేరు అక్షరాలను పోగుచేసి, ఒక్కోదాన్ని హార్ఫ్‌బజ్‌తో కలిపించి, వచ్చిన గీతలన్నీ ఒకే బొమ్మగా కుట్టినాం. దీనికి పైథాన్‌లో ఫాంట్‌టూల్స్ ఉంది. ఆ బొమ్మకు యూనికోడ్ సొంత వాడకానికి వదిలిపెట్టిన చోటు నుంచి ఒక నంబరు ఇచ్చినాం. ఆ చోటు ఈ000 దగ్గర మొదలవుతుంది. ఎఫ్000 నుంచి పైకి పోవద్దు, వైఫై, బ్యాటరీ లాంటి ఎల్‌వీజీఎల్ గుర్తులు అక్కడ ఉన్నాయి. తర్వాత ఆ కొత్త ఫాంటును కన్వర్టరుకు ఇస్తే సీ ఫైలు వస్తుంది. వాక్యాలను కూడా కొత్త నంబర్లతో మార్చి రాసే చిన్న ప్రోగ్రాము పెట్టుకోండి, చేత్తో చేస్తే తప్పులొస్తాయి.

ఎల్‌వీజీఎల్‌కు ఇప్పుడు ‘ళ్ళు’ ఒక గడి, ఒక బొమ్మ. దానికి తెలిసిన పనే. గీస్తుంది, పక్కకు జరుగుతుంది. వరస మారాల్సొస్తే ఖాళీ దగ్గర విరుస్తుంది, అక్షరం మధ్యలో విరవదు. అంకెలకు మాంట్‌సెరాట్‌నే వెనక ఫాంటుగా తగిలించినాం, మొదటి ఫాంటులో లేనిది రెండోదాంట్లో వెతుక్కుంటుంది. ఎంత చోటు పడుతుందంటారా? ఒక అక్షరానికి 24 అడ్డం, 32 నిలువు, చుక్కకు 4 బిట్లు అనుకుంటే 384 బైట్లు. రెండు వందల అక్షరాలకు 76,800 బైట్లు. నాలుగు మెగాబైట్ల ఫ్లాష్‌లో అదొక లెక్కే కాదు.

సైజు విషయంలో పిసినారితనం వద్దు. ఇంగ్లీషు 16 చుక్కల ఎత్తులో చదవచ్చు. తెలుగుకు పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. ఎత్తు 28కి తగ్గితే ఎండలో, అదీ అరవై ఏళ్ళ కళ్ళకు, ‘ధ’కూ ‘థ’కూ తేడా తెలియదు. ఫాంటు ఫైల్లో లైన్ ఎత్తు కూడా చూసుకోండి. మాకు ఒకసారి లేబుల్ అడుగు తెగి ‘నీళ్ళు’ కింద వత్తు పోయి ‘నీళు’ అయింది. తెరకు తెల్లటి నేల, నల్లటి అక్షరం పెట్టండి. నల్ల నేల గదిలో బాగుంటుంది, మన ఎండలో అద్దం అయిపోతుంది.

ఇంకో మాట, ఇది ప్రోగ్రాముకు సంబంధించింది కాదు. ఆ వాక్యాలు ఎవరు రాయాల? మొదట నేను నిఘంటువు ముందు పెట్టుకొని ‘విద్యుత్ ప్రవాహం అధికం’ అని రాసినాను. తర్వాత మోటర్లకు వైండింగు కట్టే అంగట్లో పోయి కూర్చున్నాను. వచ్చిన రైతులు ఏమని చెప్తున్నారో విన్నాను. ‘ఒక ఫేజు రావడంలేదు.’ ‘కరెంటు ఎక్కువ లాగుతుంది.’ ‘బోరులో నీళ్ళు లేవు, మోటరు ఆగింది.’ అవే తెర మీద పెట్టినాం. కింద చిన్న వరసలో ‘గంట తర్వాత ఆడించండి’ అని కూడా. తప్పేందో చెప్పడం కంటే ఇప్పుడు ఏం చేయాలో చెప్పడం ముఖ్యం. ఆ ఒక్క వరస ముందే ఉండింటే పెద్దాయన మోటరు కాలేది కాదు.

మిగతావి తొందరగా చెప్తాను. థార్‌వీజీ అనే వెక్టర్ ఇంజను లోపలికి వచ్చింది, దాంతో లాటీ యానిమేషన్లు ఆడించచ్చు. అందంగా ఉంటాయి, మా పెట్టెకు అక్కర్లేదు. 9.3లో తెర రూపాన్ని ఎక్స్‌ఎంఎల్‌లో రాసే పద్ధతి వచ్చింది, డిజైను చేసేవాళ్ళు వేరే ఉన్న పెద్ద జట్లకు అది బాగుంటుంది. టచ్ గురించి చాలామంది అడుగుతారు. తడి చేత్తో, మట్టి చేత్తో టచ్ వద్దు. ఎల్‌వీజీఎల్‌లో గ్రూప్ అని ఉంది, విడ్జెట్లను గ్రూపులో వేస్తే నాలుగు బటన్లతోనే అన్నిటి మీదా తిరగచ్చు.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, అమ్మా, చెప్పండి.

(ఒక విద్యార్థిని: సార్, వాక్యాలు ముందే తెలిస్తే సరే. రైతు తన పేరో, వాల్వుకు ఒక పేరో పెట్టుకోవాలంటే ఎట్ల?)

మంచి ప్రశ్న. మా పద్ధతి అక్కడ ఆగిపోతుంది. ‘మిట్టచేను’, ‘వంకకాడి మడి’ అని ఒక్కో వాల్వుకు పేరు పెట్టుకుంటారు. ఏ అక్షరం వస్తుందో ముందే చెప్పలేం. పెద్ద చిప్పు పెట్టి హార్ఫ్‌బజ్‌ను దాంట్లోనే కూర్చోబెట్టడం ఒక దారి. మేము ఇంకోటి చేసినాం. పేరు పెట్టేది ఫోన్లో. ఫోనుకు తెలుగు కలపడం వచ్చు కదా? అక్కడే ఆ పేరును బొమ్మగా చేసి బ్లూటూత్ మీద పెట్టెకు పంపిస్తాం. రంగులు లేకుండా, చుక్కకు ఒక బైటు లెక్కన, 200 అడ్డం 32 నిలువు అయితే 6,400 బైట్లు. ఎల్‌వీజీఎల్ దాన్ని ఏ8 బొమ్మగా తీసుకుంటుంది, రంగు మనం ఎట్ల కావాలంటే అట్ల వేసుకోవచ్చు. ఆ పెద్దాయన మొదటి వాల్వుకు తన మనవరాలి పేరు పెట్టుకున్నాడు.

(ఇంకో విద్యార్థి: సార్, మా దగ్గర బోర్డు లేదు. నేర్చుకోవడం ఎట్ల?)

బోర్డు అక్కర్లేదప్పా. తొమ్మిదో రూపంలో డ్రైవర్లు లైబ్రరీ లోపలికే వచ్చేసినాయి. ఎస్‌డీఎల్ డ్రైవరు ఆన్ చేసుకుంటే మీ ల్యాప్‌టాప్‌లో ఒక కిటికీ తెరుచుకొని అదే తెర అవుతుంది, మౌసే వేలు. లైనక్స్ ఉన్న పాత కంప్యూటరైనా చాలు. ఈరోజు రాత్రే 320 అడ్డం, 240 నిలువు కిటికీ తెరిచి, దాంట్లో మీ ఊరి పేరు తెలుగులో రాయండి. మొదట గళ్ళొస్తాయి. ఫాంటు వేసుకుంటే విరిగిన అక్షరాలొస్తాయి. అక్కడ నిలబడిపోకుండా కలిపి చూడండి. ‘ఒంటిమిట్ట’, ‘ప్రొద్దుటూరు’, ‘కమలాపురం’. ప్రొద్దుటూరు వాళ్ళకు కొంచెం ఎక్కువ పని పడుతుంది, రెండు వత్తులున్నాయి.

సరే, ఇప్పుడు బోర్డు చూద్దాం. ఆ కిటికీ తలుపు మూయొద్దు, ఎండ పడనీయండి, తోటలో ఎట్ల కనపడతాదో అట్లే చూడాల. ఈ గ్లాసు నీళ్ళలో ఉన్నది బోరు సెన్సర్ అనుకోండి. బయటికి తీస్తున్నాను. వెనక ఉన్నాయన, తెర మీద ఏమొచ్చిందో చదవప్పా.